మార్పును మోసిన క్రమం: భారతీయ తపాలా కార్యవిధాన చరిత్ర

వార్తను మోసుకుపోవడం వేరు. అది చేరవలసిన చేతికే చేరిందని రూఢిగా చెప్పగలగడం వేరు. మొదటి విద్య ఈ దేశంలో ప్రాచీనమైనదే. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, తుగ్లక్ పాలనలో గుర్రపు అంచెలతో పాటు కాలినడక అంచెలు కూడా ఉండేవనీ, మైలులో మూడో వంతుకు ఒక మజిలీ చొప్పున గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తే వార్తాహరుడు తన లేఖను తర్వాతివాడి చేతిలో పెట్టేవాడనీ, ఆ గంటల చప్పుడు చెవిన పడగానే ఆవలివాడు నడుము బిగించి నిలబడేవాడనీ వర్ణించాడు. ఆ వేగం ప్రశంసనీయమే. కాని ఆ అంచె రాజుది, అది మోసింది రాజకార్యం. ఊరూపేరూ లేని సామాన్యుడి జాబును కూడా అంతే శ్రద్ధతో మోసి, మోసినందుకు లిఖితమైన రుజువు చూపగలిగే రెండో విద్య పందొమ్మిదో శతాబ్దంలో గాని ఇక్కడ స్థిరపడలేదు. ఆ విద్యకు ప్రాణం గుర్రంలోనో రైలులోనో లేదు, అప్పగింతలో ఉంది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా వాహనాలూ ప్రభుత్వాలూ సరిహద్దులూ మారుతున్నా ఒక మహాసంస్థ చెదరకుండా నిలవడానికీ, కొన్నిచోట్ల తడబడడానికీ కారణాలను ఆ అప్పగింతల క్రమంలోనే వెతకాలని నా అభిప్రాయం.

ఈస్టిండియా కంపెనీ తపాలా మొదట కంపెనీ అవసరాలకే పుట్టింది. 1766లో క్లైవ్ ఏర్పరచిన వ్యవస్థలో దారి పొడవునా ఉన్న జమీందారులు తమ తమ పరిధిలో వార్తాహరులను సమకూర్చవలసి ఉండేది. 1774లో వారెన్ హేస్టింగ్స్ కలకత్తాలో పోస్టుమాస్టర్ జనరల్‌ను నియమించి, రుసుము చెల్లించే ప్రైవేటు వ్యక్తుల ఉత్తరాలకూ తపాలాను తెరిచాడు. వంద మైళ్లకు రెండణాలు రేటు. ముందుగా చెల్లించడానికి రాగి బిళ్లలు పోయించారు. మద్రాసులో 1786లో ప్రధాన తపాలా కార్యాలయం వెలిసింది. మద్రాసునూ కలకత్తానూ కలిపే తీరపు బాట మన ఉత్తర సర్కారుల గుండానే పోయేది కనుక, గోదావరి, కృష్ణా పాయలను దాటించే పడవలూ, వానాకాలపు బురదా ఆ ఉత్తరాల రాకపోకలను శాసించేవి.

1837 నాటి చట్టం రుసుముకు ఉత్తరాలు మోసే ఏకైక హక్కును ప్రభుత్వానికి దఖలు పరిచింది. హక్కు దఖలైంది గాని క్రమం కుదరలేదు. ప్రతి ప్రెసిడెన్సీకీ తన తపాలా, తన రేట్లు, తన అలవాట్లు. ఉత్తరం ఖరీదు బరువును బట్టే కాక దూరాన్ని బట్టి కూడా ఉండేది కనుక, కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా జాబు అందుకోగానే దాన్ని తూచి, చేరవలసిన ఊరి దూరాన్ని పట్టికలో వెతికి, రెంటినీ గుణించి లెక్క కట్టవలసి వచ్చేది. రుసుము తరచు పుచ్చుకునేవాడి దగ్గర వసూలయ్యేది కాబట్టి ఆ లెక్క నిజమో కాదో తేల్చుకునే దారి అతడికీ లేదు, పంపినవాడికీ లేదు. తులం బరువు ఉత్తరానికి కలకత్తా నుంచి బొంబాయికి రూపాయి, ఆగ్రాకు పన్నెండణాలు. లంచానికీ పొరపాటుకూ తేడా తెలియని ఇటువంటి ఏర్పాటులో మంచి ఉద్యోగి కూడా చెడ్డ ఫలితాన్నే ఇస్తాడు. ఈ మాట గట్టిగా చెప్పడం అవసరం. ఎందుకంటే సంస్థల వైఫల్యాన్ని వ్యక్తుల శీలానికి అంటగట్టి చేతులు దులుపుకోవడం మన చరిత్రరచనలోనూ, మన కార్యాలయాల్లోనూ ఉన్న పాత జాడ్యం.

1850లో నియమితమైన ముగ్గురు సభ్యుల కమిషను చేసిన సూచనల మీద, డల్హౌసీ కాలంలో, 1854 అక్టోబరు 1న కొత్త చట్టం అమలులోకి వచ్చింది. దేశమంతటికీ ఒకే డైరెక్టర్ జనరల్. అంతటా ఒకే నియమావళి. దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా. ఆ అర్ధణా చెల్లించినట్టు కవరు మీదే సాక్ష్యంగా అంటించే తపాలా బిళ్ల. ఒక్క దెబ్బతో గుమాస్తా పని రెండు చూపులకు తగ్గిపోయింది: తక్కెడ వైపు ఒకటి, బిళ్ల వైపు ఒకటి. దూరం అనే చలరాశి లెక్కలోంచి తప్పుకోగానే బేరసారాలకూ అనుమానాలకూ ఆస్కారం తగ్గింది. డబ్బు ముందే ముట్టడంతో బట్వాడా చేసేవాడు వసూలుదారు పాత్ర నుంచి విముక్తుడయ్యాడు. దీని వెనక పాలకుల స్వప్రయోజనం లేకపోలేదు. రైలు, తంతి, తపాలా మూడూ సామ్రాజ్యాన్ని బిగించి కట్టే తాళ్లని డల్హౌసీకి తెలుసు. మూడేళ్లలో చెలరేగిన 1857 తిరుగుబాటు ఆ సంగతిని అందరికీ తెలియజేసింది. అయినా ఏ ఉద్దేశంతో నాటారన్నది ఒకటి, ఏ ఫలం కాసిందన్నది మరొకటి. రెంటినీ విడివిడిగా తూచడమే న్యాయం.

ఈ క్రమం అసలు రూపం ఏమిటో చూడాలంటే రాజధానిలోని భవనాలను కాదు, పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసును దగ్గర నుంచి చూడాలి. ఉదయం సంచి వస్తుంది. బ్రాంచి పోస్టుమాస్టరు ముందు దాని మూతి తాడునూ, దాని మీది ముద్రనూ పరిశీలిస్తాడు. ముద్ర చెదిరి ఉంటే సంచి విప్పడానికి ముందే ఆ సంగతి రాసిపెట్టాలి, విప్పిన తర్వాత చెబితే ఆ మాటకు విలువ లేదు. సంచిలో ఉత్తరాలతో పాటు ఒక చీటీ ఉంటుంది. పై కార్యాలయం తాను పంపిన రిజిస్టర్డ్ ఉత్తరాలు, మనియార్డర్లు, నగదు, బిళ్లలు అన్నిటినీ అందులో పేర్కొని ఉంటుంది. ఒక్కొక్కటే చీటీతో సరిచూసుకుని, తన పుస్తకంలో పద్దు రాసుకుని, సాయంత్రం ఆనాటి రాబడి, ఖర్చు, నిల్వ చూపే రోజువారీ లెక్కను తిరుగు సంచిలో పెట్టి పంపుతాడు. అక్కడ దాన్ని మరొకరు చూస్తారు. తేడా కనిపిస్తే దాన్ని ఎత్తి రాయడానికి ప్రత్యేకంగా ఒక పుస్తకమే ఉంది. అంటే ప్రతి వస్తువుకూ ఇచ్చినచోట ఒక రాత, పుచ్చుకున్నచోట ఒక రాత, ఆ రెంటినీ సరిపోల్చే మూడో కన్ను. మన కరణాల చిట్టా, ఆవర్జాలకూ, కోమట్ల పద్దు పుస్తకాలకూ ఈ నీతి కొత్తది కాదు. కొత్తదల్లా ఒకే నీతి పెషావరు నుంచి కన్యాకుమారి దాకా, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని వేలమంది మధ్య, ఒకే మాటల్లో అమలు కావడం.

వాహనం మారినప్పుడు ఈ క్రమానికి తొలి పరీక్ష ఎదురైంది. రైలు వచ్చాక సంచులు వేగంగా కదిలాయి గాని, వర్గీకరణ కోసం కార్యాలయాల్లో ఆగిపోతే ఆ వేగం వృథా. 1863లో అలహాబాదు, కాన్పూరుల మధ్య కదిలే రైలు పెట్టెలోనే ఉత్తరాలను వేరుచేసే విభాగం మొదలైంది. అదే తర్వాత రైల్వే మెయిల్ సర్వీసుగా, ఆర్.ఎం.ఎస్. అనే మూడక్షరాలతో స్టేషన్లలో మనకు పరిచయమైంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గది పోయి రైలు పెట్టె వచ్చింది, నిలకడ పోయి కుదుపు వచ్చింది. కాని సంచి తాడు, ముద్ర, జాబితా, అప్పగింత సంతకం ఎక్కడివక్కడే ఉన్నాయి. మనిషి ఎక్కడ నిలబడి పని చేస్తున్నాడన్నదాని మీద ఆధారపడని పని కనుకనే అది రైలెక్కగలిగింది.

1877 నుంచి 1892 వరకు నడిచిన పదిహేనేళ్లు ఈ చరిత్రలో అత్యంత ఫలవంతమైనవి. 1877లో కట్ట అందుకునేటప్పుడే వెల చెల్లించే వి.పి.పి., 1879 జూలై 1న కాలణా పోస్టుకార్డు, 1880 జనవరి 1న మనియార్డరు, 1882లో సేవింగ్స్ బ్యాంకు, 1884లో జీవిత బీమా వరసగా వచ్చాయి. 1892లో బెంగాలులో చలిజ్వరానికి మందైన క్వినైన్‌ను ఒక్క పైసాకు పొట్లం చొప్పున పోస్టాఫీసుల్లో అమ్మడం మొదలుపెట్టారు. ఉత్తరాలు మోయడానికి పుట్టిన సంస్థ డబ్బు పంపడానికీ, దాచడానికీ, ప్రాణానికి పూచీ పడడానికీ, చివరకు మందు అమ్మడానికీ ఇంత సునాయాసంగా ఎలా సిద్ధపడింది?

మనియార్డరునే తీసుకుందాం. అంతకుముందు దూరప్రాంతానికి సొమ్ము పంపాలంటే వర్తకులకు హుండీ ఉండేది, ప్రభుత్వ ఖజానాల మీద బిల్లులు ఉండేవి. నెలకు ఐదు రూపాయలు ఇంటికి పంపదలచిన కూలివాడికి ఆ రెండూ అందవు. తపాలా శాఖ చేసిన పని వినడానికి సులువు. పంపినవాడు డబ్బు, కమీషను కట్టి ఫారం నింపుతాడు. ఆ డబ్బు ఎక్కడికీ కదలదు. ఫారం మాత్రమే సంచిలో ప్రయాణం చేస్తుంది. చేరిన ఊళ్లో పోస్టుమాన్ అక్కడి నగదులోంచి తీసి, గడప దగ్గర లెక్కపెట్టి ఇచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. ఫారంలో ఒక ముక్క, నాలుగు మాటలు రాసుకునే కూపను, పుచ్చుకున్నవారి దగ్గర ఉండిపోతుంది. ఇంకొక ముక్క ముట్టినట్టు సాక్ష్యంగా పంపినవాడికి తిరిగి వెళుతుంది. అసలు ఫారం లెక్కల తనిఖీకి పోయి, అక్కడ పంపిన ఊరి జాబితాతో జత కలుస్తుంది. జత కలవనిది ఏదైనా ఉంటే దాని మీద విచారణ. ఇందులో ఏ అడుగూ కొత్తది కాదని గమనించాలి. రిజిస్టర్డ్ ఉత్తరానికి అప్పటికే ఉన్న అప్పగింత, పుస్తకంలో రాత, రెండు చివరలనూ కలిపి చూడడం, ఇవే ఇక్కడ డబ్బుకు వర్తించాయి. సంచిలో ఉన్నది ఏమిటన్నదాని మీద కాక, అది చేతులు మారే తీరు మీద నిలబడిన వ్యవస్థ కాబట్టే సంచిలోని వస్తువు మారినప్పుడు వ్యవస్థను పడగొట్టి మళ్లీ కట్టవలసిన అవసరం రాలేదు. క్రమం బిగువుగా ఉంటే మార్పుకు ఆటంకమని సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ మాత్రం ఆ బిగువే మార్పుకు ఆధారమైంది.

తెలుగువారి చదువుకు ఇందులో ఒక ప్రత్యేకమైన రుణముంది. మద్రాసులోనో, రాజమహేంద్రవరంలోనో, బెజవాడలోనో అచ్చయిన పుస్తకం, పుస్తకాల అంగడి ముఖమే ఎరగని పల్లెకు వి.పి.పి. ద్వారా చేరేది. ముందు డబ్బు పంపాలంటే కొనేవాడికి అనుమానం, ముందు పుస్తకం పంపాలంటే అమ్మేవాడికి అనుమానం. ఆ రెండు అనుమానాల నడుమ పోస్టుమాన్ నిలబడి, ఒక చేత్తో కట్ట ఇచ్చి మరో చేత్తో పైకం పుచ్చుకున్నాడు. పాత పత్రికల అట్టల మీది ప్రకటనలు తిరగేసినవారికి ఆ మూడక్షరాలు మన సాహిత్యవ్యాప్తిలో ఎంత పని చేశాయో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశంస ఇంతవరకే పరిమితమైతే చరిత్ర ఏకపక్షమవుతుంది. లేఖ ఎవరిదో, ఎక్కడికో ఖచ్చితంగా చెప్పగలిగే క్రమమే దాన్ని దారిలో ఆపి విప్పడానికీ పనికివస్తుంది. 1898 తపాలా చట్టంలోని ఇరవై ఆరో సెక్షను ప్రభుత్వానికి ఆ అధికారం ఇచ్చింది. స్వాతంత్ర్యోద్యమకారుల ఉత్తరాలు దాని రుచి చూశాయి. స్వతంత్ర భారతంలోనూ ఆ అధికారాన్ని విస్తరించే సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించగా, రాష్ట్రపతి జైల్ సింగ్ ఆమోదముద్ర వేయకుండా ఉంచిన ఉదంతం ప్రసిద్ధమే. అంతకన్నా నిశ్శబ్దమైన అన్యాయం మరొకటి ఉంది. ఈ క్రమం భారం మొదట అడవిదారుల్లో ఈటె, లాంతరు పట్టుకుని పరుగెత్తిన రన్నర్ల మీదా, తర్వాత శాఖేతర ఉద్యోగులనే పేరుతో రోజుకు కొన్ని గంటల భృతి మీద పని చేసిన గ్రామీణ సిబ్బంది మీదా పడింది. దేశంలోని పోస్టాఫీసుల్లో అత్యధికభాగం వారి చేతుల మీదే నడిచింది, నడుస్తోంది. పద్ధతి ఎంత గొప్పదైనా దాన్ని రోజూ పాటించే మనిషికి దక్కిన ప్రతిఫలం దాని గొప్పతనానికి తగినట్టు లేదని ఒప్పుకోక తప్పదు.

ఇరవయ్యో శతాబ్దం తెచ్చిన మార్పులు మునుపటివాటికన్నా హింసాత్మకమైనవి. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున మీదుగా నైనీకి సుమారు 6,500 ఉత్తరాలు విమానంలో వెళ్లడం ఒక వేడుకగా గడిచింది గాని, మూడేళ్లకే మొదలైన మహాయుద్ధం వేడుక కాదు. కదిలే సైన్యానికి ఉత్తరం చేర్చడమెలా? ఊరి పేరు రాస్తే సైన్యం ఎక్కడున్నదో శత్రువుకు తెలుస్తుంది. రాయకపోతే ఉత్తరం చేరదు. చిరునామాలోంచి ఊరిని తొలగించి, దళాన్నీ క్షేత్ర తపాలా కార్యాలయపు సంఖ్యనూ నిలపడమే దానికి దొరికిన పరిష్కారం. స్వాతంత్ర్యానంతరం అదే పద్ధతి 56 ఏ.పి.ఓ., 99 ఏ.పి.ఓ. అనే రూపాల్లో స్థిరపడింది. రెండు మహాయుద్ధాలకూ బిడ్డలను పంపి మిలిటరీ మాధవరమని పేరు పొందిన పశ్చిమ గోదావరి గ్రామం వంటి చోట్ల, కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో తెలియని తల్లులు కూడా ఆ అంకెలను కంఠతా ఎరుగుదురు.

దేశవిభజన ఈ యంత్రాంగాన్ని నిలువునా చీల్చింది. స్వాతంత్ర్యం నాటికి భారతదేశానికి మిగిలిన పోస్టాఫీసులు 23,344. మరోవైపు సంస్థానాల విలీనం కొత్త బాధ్యతలు తెచ్చింది. హైదరాబాదు నిజాము ప్రభుత్వం 1869 నుంచి సొంత బిళ్లలు వెలువరించింది. తొలినాటి వాటిలో కొన్నింటి మీద విలువ తెలుగు లిపిలోనూ ఉండేది. ఆ సంస్థానపు తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది. రాజకీయంగా ఎంతో ఉద్రిక్తతను చూసిన ఆ విలీనం తపాలా గది దాకా వచ్చేసరికి బిళ్లల మార్పుగా, పుస్తకాల మార్పుగా పరిణమించింది; రెండు వ్యవస్థలూ ఒకే పద్ధతి నీడలో పెరిగినవే కావడం దానికి ఒక కారణం.

ఈ దశలోనే 1949 జనవరి 30న నాగపూరు రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల నుంచి సాయంత్రం తర్వాత నాలుగు విమానాలు బయలుదేరి, అర్ధరాత్రి వేళకు దేశం నడిబొడ్డున ఉన్న నాగపూరులో దిగేవి. దీపాల వెలుగులో సంచులు ఒక విమానం నుంచి మరోదానికి మారేవి. తెల్లవారేలోగా ప్రతి విమానమూ మిగతా మూడు నగరాల ఉత్తరాలతో తన నగరానికి తిరిగి చేరేది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి, విమానంలో పోగలిగిన మామూలు ఉత్తరాలకు అదనపు రుసుము లేకుండానే ఆ సౌకర్యం కల్పించారు. అంతకు ఆరు శతాబ్దాల ముందు ఇబ్న్ బతూతా చూసిన అంచెకూ, నాగపూరు అంచెకూ ఆకృతిలో తేడా లేదు. తేడా అంతా ఆ సంచులతో పాటు వెళ్లే జాబితాలో ఉంది.

1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్‌కోడు గురించి కొంత విస్తరించక తప్పదు. అక్షరాస్యత పెరిగి, వలసలు పెరిగి, పదుల భాషల్లో రాసిన చిరునామాలు ఒకేచోట కుప్పపడుతున్న కాలం అది. ఒక్క తెలుగుదేశంలోనే రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. అంతవరకు వర్గీకరణ అనుభవజ్ఞుడి జ్ఞాపకశక్తి మీద నడిచింది. ఏ రామాపురం ఏ రైలు దారిలో ఉందో ముప్పై ఏళ్లు చేసిన గుమాస్తాకు తెలుసు, కొత్తగా చేరినవాడికి తెలియదు. తపాలా శాఖలో ఉన్నతాధికారీ, సంస్కృతంలో కవీ అయిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ ఆ జ్ఞాపకాన్ని మనిషి తలలోంచి తీసి ఆరంకెల్లో పెట్టారు. మొదటి అంకె మండలం, రెండోది ఉపమండలం, మూడోది వర్గీకరణ జిల్లా, చివరి మూడూ కార్యాలయం. తెలుగు, కన్నడ ప్రాంతాలకు కలిపి 5. అందులో తెలంగాణకు 50, ఆంధ్రకు 51 నుంచి 53 వరకు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఎన్నో ఖాతాలు, దస్త్రాలు విడదీయవలసి వచ్చింది గాని, పిన్‌కోడు మాత్రం నలభై రెండేళ్ల ముందే భూగోళాన్ని సరిగ్గా చదివి ఉండడం వల్ల దాదాపు మార్చవలసిన పనే పడలేదు. ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన మండలాల్లో 507తో మొదలయ్యే అంకెలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఉత్తరం ఏ దారిన పోవాలో చెప్పడమే ఆ అంకెల పని గాని, ఏ ప్రభుత్వం కిందికి వస్తుందో చెప్పడం కాదు. ఉత్తరాల కోసం పుట్టిన ఆ ఆరంకెలే ఈనాడు ప్రైవేటు సరుకుల బట్వాడాకూ, బ్యాంకు దరఖాస్తుకూ ఆధారమయ్యాయి.

అయితే ఈ వ్యవస్థ తడబడిన ఘట్టం కూడా పిన్‌కోడు తర్వాతి దశాబ్దంలోనే వచ్చింది. 1980 తర్వాత ప్రైవేటు కొరియర్లు నగరాల వ్యాపార ఉత్తరాలను ఒక్కొక్కటిగా లాక్కుపోసాగాయి. దీన్ని ఉద్యోగుల అలసత్వం కింద జమకట్టినవారున్నారు. కొంత నిజమే కావచ్చు గాని మూలకారణం లోతైనది. ఉత్తరం ఎవరి చేతిలో ఉందో తపాలా క్రమం చెప్పగలదు. ఎప్పటికి చేరాలో చెప్పదు. దాని పుస్తకాల్లో పోయినదానికి జవాబుదారీ ఉంది, ఆలస్యమైనదానికి లేదు. ఏది రాసుకుంటామో దాన్నే కాపాడుకుంటాం. కాలాన్ని రాసుకోని సంస్థ కాలాన్ని కాపాడుకోలేకపోయింది. 1985లో తపాలా, టెలికాం శాఖలు వేరయ్యాక 1986 ఆగస్టు 1న వచ్చిన స్పీడ్ పోస్టు ఆ లోపాన్ని గుర్తించింది. నిర్ణీత గడువును వాగ్దానంలో భాగం చేసి, పాత అప్పగింతకు గడియారాన్ని తగిలించింది. పదేళ్లు ముందుగా చేసి ఉంటే ఫలితం మరోలా ఉండేదని అనుకోవడానికి ఆస్కారముంది. అదే కాలంలో క్షీణించిన తంతి సేవతో పోలిక కూడా బోధప్రదమే. తపాలా అప్పగింతలా కాక, టెలిగ్రాం ఒకానొక సాంకేతిక సాధనానికి పుట్టిన సేవ. ఆ సాధనం పాతబడగానే దాని అవసరం తీరింది. బి.ఎస్.ఎన్.ఎల్. చేతిలో ఉన్న ఆ సేవ 2013 జూలైలో ముగిసింది.

మరో పరీక్ష మన నేల మీదే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం వేతనాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోస్టాఫీసు ఖాతాల ద్వారా చెల్లించదలచింది. పని చేయించేవాడూ డబ్బు పంచేవాడూ ఒకడే కాకూడదన్న ఆ ఆలోచన వివేకవంతమైనది. కాని నగదు నిల్వకు స్వల్ప పరిమితి ఉన్న బ్రాంచి పోస్టాఫీసు ముందు ఊరంతా ఒకేరోజు బారులు తీరితే, పాత క్రమం ఆ బరువుకు కుంగింది. చెల్లింపులు ఆలస్యమయ్యాయి; కొన్నిచోట్ల అక్రమాలూ బయటపడ్డాయి. దరిమిలా స్మార్టు కార్డులు, వేలిముద్రల యంత్రాలు వచ్చాయి. క్రమం నీతిలో లోపం లేకున్నా దాని పరిమాణాన్ని పెంచకుండా పనిని మాత్రమే పెంచితే ఏమవుతుందో ఆ ఏళ్లు చూపించాయి.

ఇంతలో కంప్యూటరీకరణ. ఈ మార్పును అంచనా కట్టేటప్పుడు బ్రిటన్ తపాలా అనుభవంతో పోల్చి చూడాలి. అక్కడ 1999లో ప్రవేశించిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ లోపాల వల్ల లేని లోటు ఉన్నట్టు చూపగా, యంత్రం మాటనే పరమ ప్రమాణంగా తీసుకుని 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను నేరస్థులుగా నిలబెట్టారు. ఊళ్లలో పరువుగా బతికినవారు జైళ్లకు వెళ్లారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. వారి మీది తీర్పులను మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. యంత్రం తప్పు చేయడం కన్నా, దాని లెక్కను మరొక లెక్కతో సరిపోల్చే మూడో కన్ను మూసుకుపోవడమే ఆ విషాదానికి కారణం. కాగితం నుంచి తెర మీదికి వెళ్లే ఏ సంస్థ అయినా తనతో తీసుకుపోవలసిన మొదటి వస్తువు అదే.

భారత తపాలా శాఖ 2013 డిసెంబరులో చెన్నైలో తొలి కోర్ బ్యాంకింగ్ కార్యాలయాన్ని తెరిచి, తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా దేశమంతటా దాన్ని విస్తరించింది. 2018 సెప్టెంబరు 1న పోస్టు పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైంది. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగి, బ్యాంకుల దాకా నడవలేని వృద్ధులు ఇళ్లలో చిక్కుబడినప్పుడు, పోస్టుమాన్ చేతిలో చిన్న యంత్రం పట్టుకుని గడప దగ్గరకు వచ్చి, వేలిముద్ర తీసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పాత మనియార్డరు రోజుల్లో అదే గడప దగ్గర వేలికి సిరా అంటించి చేసిన పని అది. ఇప్పుడు దేశంలో పోస్టాఫీసులు లక్షా అరవై వేలకు పైగా ఉన్నాయి. 2023లో ఆమోదం పొంది మరుసటి జూన్‌లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం 1898 చట్టాన్ని రద్దు చేసింది. 1837 నుంచి వస్తున్న ఏకస్వామ్య హక్కు అందులో లేదు. లేఖలను ఆపే అధికారం మాత్రం ఉంది.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడి సేవగా ముగిసి స్పీడ్ పోస్టులో విలీనమైంది. ఉత్తరాన్ని దాని మీద ఎవరి పేరుందో ఆ మనిషికే అప్పగించి సంతకం తీసుకునే పద్ధతి, ఐదు రూపాయలూ దాని మీది పన్నూ చెల్లిస్తే దొరికే అదనపు సదుపాయంగా, 'రిజిస్ట్రేషన్' అన్న పాత పేరుతోనే కొనసాగుతోంది.